ఊఁ కొట్టే యంత్రం

మా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి పులివెందుల ఆసుపత్రికి పోయేలోపు చేయాల్సినవి: నాణ్యత నివేదిక అచ్చు వేయించాలి. ఆసుపత్రి డాక్టరుగారికి శాలువా కొనాలి. అందులో మా కోడుకు పడే నాణ్యత మార్కును నూటికి నలభై నుంచి తొంభైకి తేవాలి. ఈ చివరి పనిని మా ప్రొద్దుటూరు ఆఫీసు యజమాని శ్రీవత్స సారు నాకూ, నాతో కోడు రాసే ఫర్జానక్కకూ అప్పగించాడు.

మేం ల్యాబు యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. అందులో ఇంటర్‌ఫేస్ అంటే ఒప్పందం. ఏ యంత్రం తరఫున రాసిన క్లాసైనా, అంటే కోడు ముక్కైనా, ఆ ఒప్పందంలోని ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పి తీరాలి. జమ్మలమడుగు క్లినిక్కులోని పాత షుగరు యంత్రానికి వాటిలో సగం తెలియవు. "యంత్రాన్ని సరిచూశారా?" అని అడిగితే, సరిచూసే ఏర్పాటే లేని దాని తరఫున మా కోడు "అవును" అంటుంది. ఆ అవును కాగితం మీద అచ్చవుతుంది. రోగి దాన్ని నమ్మి ఇన్సులిన్ వేసుకుంటాడు.

"ఇది జవాబు కాదు మౌనికా, ఊఁ కొట్టేది," అంది ఫర్జానక్క. ఒప్పందాన్ని ముక్కలు చేసి, ఏ యంత్రాన్నైనా దానికి చేతనైన ప్రశ్నలే అడగాలని ఆమె పట్టు.

సారు నవ్వాడు. "యాడుందమ్మా టైము? ఒప్పందంలో ఎన్ని ప్రశ్నలు వాడకంలో ఉండాయో చూసే గదా ఆ తనిఖీ సాఫ్ట్‌వేర్ మార్కేసేది? అన్ని ప్రశ్నల్నీ ఊరికే అడిగే ఉత్తుత్తి క్లాసులు రాసి పడేయండి."

"బడికి రాని పిల్లోళ్లకు హాజరేసినట్టుండాది సార్," అంది ఫర్జానక్క.

"హాజరుంటేనే గదమ్మా స్కాలర్‌షిప్పు!"

మేమిద్దరం రాయలేదు. ఆయనే రాసుకున్నాడు. తొంభై వచ్చింది. నివేదిక కింద మాత్రం ఫర్జానక్క పేరు పెట్టాడు.

పులివెందులలో శాలువా కప్పగానే ఆమె లేచింది. "డాక్టరుగారూ, ఈ మార్కు నేనేసింది కాదు. ఈ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మీ రోగుల కాగితాల మీద అబద్ధం అచ్చయితాది."

డాక్టరుగారు శాలువా సర్దుకున్నాడు. "తొంభై అంటే శానా మంచి మార్కే గదమ్మా. ఏంది నీ బాధ?" అని కొనుగోలు కాగితం మీద సంతకం చేశాడు.

బయటికి రాగానే సారు ఆమెతో, "రేపట్నుంచి రావద్దులేమ్మా," అన్నాడు. అనేసి నాకు మిఠాయి పొట్లం అందించాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మార్కంటే చదివితే వచ్చేదనుకునేదాన్ని. బస్సు ముద్దనూరు దాటేదాకా ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని అసహ్యంతో కూర్చున్నాను. తర్వాత కిటికీలోంచి పారేశాను.

"పోనీలే, ఈగలన్నా తింటాయి," అంది పక్క సీట్లోని ఫర్జానక్క.

మీ షుగరు కాగితం అడుగున "యంత్రం సరిచూడబడింది" అని కనిపిస్తే, ఎవరు సరిచూశారని ఒక్క మాట అడగండి. అడిగేటప్పుడు ఫర్జానక్కను తలుచుకోండి.