జనరేటర్ లేని మొదటి కచేరీ

మైదానం చివర, వేదిక వెనక రేకుల షెడ్డులో ఇరవై ఒక్క ఏళ్ళు ఒక డీజిల్ జనరేటర్ మోగింది. మూడు రోజుల సంగీతోత్సవానికి కరెంటు దానిదే. దాన్ని నడిపినాయన్ని అందరూ బాబాయ్ అంటారు. అలా పిలిచే హక్కు నిజంగా ఉన్నది ఒక్కరికే, ఆయన అన్నగారి అమ్మాయికి. చిన్నప్పుడు ఆమె చెవుల్లో దూది పెట్టుకుని ఆ షెడ్డులో కూర్చునేది, స్పానర్లు అందించేది. ఇంటికెళ్తే జడలో డీజిల్ వాసన వస్తోందని తల్లి తిట్టేది. ఇప్పుడామె ఇంజనీరు.

ఈ ఏడు ఉత్సవంలో పొగ ఉండకూడదని కమిటీ తీర్మానించింది. షెడ్డులో ఆమె తెచ్చిన బ్యాటరీలున్నాయి. ఎండతో నింపినవి. జనరేటర్ లారీ మీద, గేటు దగ్గర ఆగి ఉంది.

"ఐదింటికల్లా సౌండు కుదరకపోతే లారీ లోపలికొస్తుంది," అన్నారు కమిటీ ప్రెసిడెంటు గారు. బాబాయ్ వైపు తిరిగి, "అప్పుడిక వచ్చే ఏళ్ళక్కూడా నీ డీజిలే. ఎవరి మాటా వినను," అన్నారు.

మూడున్నరకు రిహార్సల్ మొదలైంది. డ్రమ్ము వాయించారు. ప్రెసిడెంటు గారు మొహం చిట్లించారు.

"ఏంటమ్మా ఇది? రేకుడబ్బా మీద కొట్టినట్టుంది. నీ కరెంటులో బలం లేదు."

"మీటర్లన్నీ సరిగ్గానే ఉన్నాయండీ."

"మీటరు వింటుందా పాట?"

ఆమె వైర్లు విప్పి మళ్ళీ బిగించింది. మార్పు లేదు. నాలుగున్నర అయింది. లారీ మెట్టు మీద కూర్చున్న బాబాయ్‌కి డ్రమ్ములో ఏది తగ్గిందో తెలుస్తూనే ఉంది. నోరు మెదపకపోతే చాలు, షెడ్డు మళ్ళీ తనది.

ఆమె మూడోసారి స్పానరు తీసింది. నట్టు బిగించే ముందు అరచుట్టు వెనక్కి తిప్పింది. అది ఆయన నేర్పిందే. ఆయన లేచి, వేదిక ఎదుట మిక్సరు బల్ల దగ్గరున్న సౌండు మాస్టారి దగ్గరికి వెళ్ళారు.

"మాస్టారూ, ఆ చివరి బొత్తాం ఎందుకు దించారు?"

"అదెప్పుడూ కిందే ఉంటుంది కదయ్యా."

"ఎందుకుంటుందో?"

"నీ జనరేటరు గుర్రు స్పీకర్లలోకి రాకుండా..." మాస్టారు ఆగిపోయారు.

మొదటి ఏడు ఇద్దరూ ఒక పగలంతా కూర్చుని కుదుర్చుకున్న ఏర్పాటది. గుర్రును కోస్తే దాంతోపాటు డ్రమ్ము అడుగు నాదం కూడా తెగేది. ఆ లోటును షెడ్డులోంచి వచ్చే ఇంజను మోత పూడ్చేది. ఎవరికీ తేడా తెలియలేదు.

మాస్టారు బొత్తాం పైకి నెట్టారు. డ్రమ్ము మోగింది. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు తలలెత్తారు.

"లారీ తీయించెయ్యండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

"నేనే తీసుకెళ్తాలెండి," అన్నారు బాబాయ్.

అమ్మాయి అడ్డొచ్చింది. "రేపు తీయొచ్చులే. ఇన్నేళ్ళు వచ్చావు, ఒక్క పాటన్నా విన్నావా బాబాయ్?"

"ఇంజన్ని విన్నాను. మీ పాటగాళ్ళ కన్నా శ్రుతిలో ఉండేది."

"చాల్లే గొప్పలు. పద, మూడో వరసలో కూర్చో."

ఆరింటికి కచేరీ మొదలైంది. వేదిక అంచున ఇంకా ఎండ ఉంది. రెండో చరణం దగ్గర డ్రమ్ము, గిటార్లు, దీపాలు ఒక్కసారి అందుకున్నాయి. అంత లోడు పడితే ఇంజను గొంతు మారుతుంది. చూసుకోవాలి. బాబాయ్ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి పెద్దాయనా, మాకు కనబడొద్దూ?" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఆయన కూర్చున్నారు.