గూళ్ల నెలలు

తాడు ఉతకడం నా పని. అరవై మీటర్ల తాడును స్నానాల గది తొట్టిలో నానబెట్టి, మట్టి వదిలేదాకా పిసికి, నీడపట్టున ఆరబెట్టాలి. ఆ పనిలో ఉండగానే పోస్టులో మా ఆయన పుస్తకం వచ్చింది. ఈ దేశంలో కొండలెక్కాలనుకునే మనవాళ్ల కోసం ఆయన రాసినది. చేతులు తుడుచుకుని ముందుమాట తెరిచాను.

"ఇక్కడి భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఈ ముప్ఫై ఒక్క బండల్నీ ఒంటరిగా వెతికి పట్టుకున్నాను" అని ఉంది.

రెండోసారి చదివాను. పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు పిల్లల వ్యాసాలు దిద్దిన అలవాటు. వాక్యాల్లో తప్పేమీ కనిపించలేదు.

ఇక్కడికొచ్చాక రెండో తరగతి వాచకం కొనుక్కుని ఈ భాష నేర్చుకున్నాను. ఆయనకు ఎక్కడానికి బండలు కావాలి. అవి మ్యాపుల్లో ఉండవు, పల్లెల్లోని ముసలివాళ్లకు తెలిసి ఉంటాయి. రొట్టెల దుకాణంలో, బస్టాపుల్లో, గొర్రెల దొడ్ల దగ్గర అడిగింది నేను. దారి ఎటు, ఎవరి పొలం దాటాలి, అక్కడి కుక్క కరుస్తుందా, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కసారి నేనూ ఎక్కుతానంటే, "నీకెందుకే, చేతులు దోక్కుపోతాయి" అన్నారు. ఆయన జారితే ఆపడానికి కింద నిలబడి తాడు పట్టుకున్నాను. "వాడి ప్రాణమే నీ చేతిలో పెట్టాడమ్మా, ఇంకేం కావాలి నీకు?" అని అత్తగారు ఫోన్లో మురిసిపోయారు.

ఇదంతా ఎలాగో మింగేదాన్నే. పందొమ్మిదో పేజీలో ఎర్రబండ ఉంది.

అది ఒక ముసలామె పొలం చివర ఉంటుంది. మూడు ఆదివారాలు ఆమె పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిస్తే గాని గేటు తియ్యలేదు. ఒక్కటే షరతు పెట్టింది. డేగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకునే మూడు నెలలు ఆ బండ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. "నీ మొగుడితో కాదు, నీతో చెబుతున్నాను" అంది. పరాయి భాషలో నేనిచ్చిన మొదటి మాట అది.

పుస్తకంలో షరతు లేదు. "ఏడాది పొడవునా ఎక్కవచ్చు" అని ఉంది.

సాయంత్రం అడిగాను. "గూళ్ల సంగతి నోటుబుక్కులో ఎర్రగీత కొట్టి మరీ రాశాను. చూడలేదా?"

"చూశాను. మూడు నెలలు మూసేస్తారంటే ఎవడు కొంటాడు పుస్తకం? ముసల్దానికి మన భాష చదవడం వచ్చా ఏంటి?"

"నా పేరు కూడా లేదు."

"ఇంట్లోవాళ్ల పేర్లు ఎవరేస్తారే? నువ్వూ నేనూ వేరా?"

పధ్నాలుగేళ్లుగా వింటున్న మాటే. ఇద్దరం ఒకటే అన్నప్పుడల్లా ఆ ఒకటీ ఆయనే.

మర్నాడు బస్సెక్కి ముసలామె దగ్గరికి వెళ్లాను. పుస్తకం ఆమె ముందు పెట్టి, ఆ వాక్యాన్ని ఆమె భాషలో చదివాను. నేనిచ్చిన మాట తప్పిపోయిందని చెప్పడానికి పదాలు వెతుక్కోవలసి వస్తుందనుకున్నాను. వెంటనే దొరికాయి. అదే కష్టమైంది. ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"ఇప్పుడేం చేద్దాం?" అంది.

చెప్పాను.

ఆదివారం ఆయన నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు, మాట్లాడటానికి. పొలం గేటుకు గొలుసు, కొత్త తాళం. లోపల కుర్చీలో కూర్చున్న ముసలామె మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపి రెండు ముక్కలు అంది.

"ఏమంటోందే?" అన్నారాయన.

"ఇక ఏ నెలలోనూ ఎవర్నీ రానివ్వనంటోంది."

స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించారు. "పరువు పోతుంది. నీ మాట వింటుందిగా, కాస్త నచ్చజెప్పు."

"మొన్నే వచ్చి నచ్చజెప్పానండీ," అన్నాను. "అందుకే తాళం వేసింది."