కడగని చెయ్యి

నీళ్ళ జోరుకి కోడె గింజుకుని పక్కదాని మీద పడింది. దాని పొట్ట కింద అట్టకట్టిన బురద, పేడ కరిగి చారలు చారలుగా కారుతున్నాయి. సగం నేల మీద పడితే సగం పక్క కోడె వీపు మీదికి చిమ్మింది. అది ఇందాకే కడిగిన కోడె. లెన్సీనా పళ్ళు నూరుకుని పైపు మళ్ళీ దానివైపు తిప్పాడు. పొద్దున్నించీ ఇదే వరస. ఒకదాన్ని కడిగితే దాని మురికి ఇంకోదానికి అంటుతోంది. చివరికి అన్నీ తడిశాయి, ఏదీ శుభ్రపడలేదు.

ఏప్రిల్ వానలు దొడ్లని చెరువులు చేసి పెట్టాయి. పశువులు మోకాలి లోతు బురదలో నిలబడే మేస్తున్నాయి, అందులోనే పడుకుంటున్నాయి. కబేళాకి లారీ ఎక్కే రోజు మాత్రం వాటికి స్నానం. ఎందుకంటే కబేళాలో పశువుల్ని దించుకునే మనిషి ఒకడు పైన చెక్క మీద నిలబడి చూస్తాడు. బురద అట్టలు కనపడితే తలకి నాలుగు కిలోల చొప్పున తూకంలో కోత పెడతాడు. యజమాని దోన్ ఆల్దో బెర్తెరామేకి ఆలోచించగా ఆలోచించగా అన్నిటికంటే చవకైనది నీళ్ళని తేలింది. నీళ్ళు బావివి. కడిగే లెన్సీనా రోజు కూలి రెండు కిలోల మంచి మాంసం ఖరీదు కూడా చెయ్యదు.

చెయ్యాల్సింది వేరే ఉందని తెలియక కాదు. ఎండాకాలంలో పశువుల డాక్టరమ్మ సనాబ్రియా వచ్చి దొడ్లన్నీ తిరిగింది. ఆవిడ మాటలు లెన్సీనాకి ఇంకా గుర్తే.

"పశువుల్లో ఒక క్రిమి ఉంటుంది. అది పశువుని ఏమీ చెయ్యదు. దాని పేగుల్లో హాయిగా కాపురం చేస్తుంది. పేడలో బయటికొచ్చి తోలుకి అంటుకుంటుంది. కబేళాలో తోలు వొలిచేటప్పుడు అక్కణ్ణించి మాంసం మీదికి దిగుతుంది. తోలు తడిగా ఉంటే మరీ తేలిక. పెద్దవాళ్ళకి నాలుగు రోజులు కడుపునొప్పి. చిన్నపిల్లలకైతే మూత్రపిండాలే పోతాయి. కడిగి పంపడం కాదండీ, పొడిగా పెంచి పంపండి."

బురద గీకించి వేరుసెనగ పొట్టు మందంగా పరవమంది. లారీలో కిక్కిరిసి ఎక్కించొద్దంది. మేతలో కలిపే మంచి క్రిముల పొడి ఒకటుంది, టీకా ఒకటుంది, రెండూ వాడమంది. అన్నిటికీ దోన్ ఆల్దో తల ఊపాడు. ఆవిడ కారు గేటు దాటగానే, "పొట్టు కొని పశువులకి పరుపులు వెయ్యాలంట. నేను పరుపు మీద పడుకుని కూడా నిద్రపట్టక చస్తన్నా" అన్నాడు. వేరుసెనగ మిల్లు పట్టుమని రెండు మైళ్ళ దూరం కూడా లేదు. అక్కడ పొట్టు కుప్పలు కుప్పలుగా పడి ఉంటుంది. పొడి మాత్రం ఒక బస్తా కొని, వచ్చేపోయేవాళ్ళకి కనపడేట్టు ఆఫీసు వరండాలో పెట్టాడు. దాన్ని ఎలుకలు తిన్నాయి. ఊళ్ళోకెల్లా ఆరోగ్యవంతులు మన ఎలుకలేనని కూలీలు నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వు మార్చి నెలతో పోయింది. ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచిన కొత్తల్లోనే పిల్లలు కొందరు రక్తవిరేచనాలతో పడ్డారు. అందరూ బడిలో మధ్యాహ్నం భోజనం చేసినవాళ్ళే. మిగతావాళ్ళు తేరుకున్నారు కానీ తాపీమేస్త్రీ కొడుకు లౌతారో కోర్దొబా పెద్దాసుపత్రిలోనే ఉన్నాడు. నాలుగేళ్ళవాడు. వాడి రక్తాన్ని మిషను శుభ్రం చేస్తోంది.

బడిలో వండేది లెన్సీనా భార్య నిల్దా. బడికి మాంసం ఉచితంగా ఇచ్చేది దోన్ ఆల్దో. ఆయన పశువుల్ని కోసిన కబేళా నుంచే, ఊళ్ళో మాంసం కొట్టు మీదుగా అది వచ్చేది. విచారణకి వచ్చినవాళ్ళు కబేళావాళ్ళని అడిగారు. మేం తీసుకున్న పశువులు శుభ్రంగా ఉన్నాయి అన్నారు వాళ్ళు. దోన్ ఆల్దోని అడిగారు. నేను పంపినప్పుడు అద్దాల్లా ఉన్నాయి, కావాలంటే లారీలో ఏం జరిగిందో కనుక్కోండి అన్నాడు. లారీ వాళ్ళు మాంసం కొట్టువైపు చూపించారు, కొట్టువాడు వంటింటివైపు చూపించాడు. వంటింట్లో నిల్దా ఉంది. ఆమె వెనక చూపించడానికి ఎవరూ లేరు. చేతులు సరిగ్గా కడుక్కోలేదని, మాంసం ముద్దలు పచ్చిగా దించేసిందని తేల్చి పనిలోంచి ఆపేశారు. బ్లీచింగు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ సందులు ఏడాది పొడుగునా పగిలి ఉంటాయి. ఆ చేతుల్ని పట్టుకుని అన్నారు ఆ మాట.

ఈ సాయంత్రం బడిలో మీటింగు. నిల్దాని మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల సంఘం తేలుస్తుంది. సంఘానికి అధ్యక్షుడు దోన్ ఆల్దో. ఒక మాట సాయం చేస్తానని ఆయన లెన్సీనాకి చెప్పి ఉన్నాడు.

లారీ వచ్చి వెనక తలుపు దించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. డ్రైవరు రోబ్లెదో దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. లారీ నేల మీద నిన్నటి లోడు పేడ అట్లాగే ఉంది.

"కడిగించలేదా?" అన్నాడు లెన్సీనా.

"యాడ కడిగేది? కడిగే షెడ్డు కాడ లైను ఊరవతల దాకా ఉంది. ఆ టయానికి నేనింకో లోడు తోలుకుంటా. అయినా నీ కోడెలేమన్నా పెళ్ళికి పోతన్నయ్యా?" కోడెల వంక చూసి నవ్వాడు. "పోతన్నట్టే ఉన్నయిలే, తలంటు పోశావుగా."

లెన్సీనాకి నవ్వు రాలేదు. అప్పుడే గేటు దగ్గర సైకిలు దిగి నిల్దా వచ్చింది, చేతిలో అన్నం డబ్బా. బంగాళాదుంపల అట్టు తెచ్చింది. మాంసం లేని తిండిని తిండి కింద లెక్కెయ్యని ఇంట్లో మార్చి నుంచీ పొయ్యి మీద మాంసం ఎక్కలేదు. దాన్ని ఆమె ముట్టుకోలేకపోతోంది, ఆయన అడగలేకపోతున్నాడు.

దోన్ ఆల్దో ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు. కొత్త బూట్లకి బురద అంటకుండా గట్టు మీదే ఆగాడు.

"ఏం నిల్దా, దిగులు పడబాక. సాయంత్రం నేను మాట్లాడతాగా. పొరపాట్లు అందరికీ జరుగుతయ్యి. ఈ ఒక్కసారికీ క్షమించమని అడుగుతా."

"క్షమించమనా?" నిల్దా మొహం మాడిపోయింది. "నేనేం పొరపాటు చేశానయ్యా?"

"అబ్బ, మాటకి అన్నాలే. నిప్పుంది ఎందుకు మరి? బాగా కాలిస్తే ఏ క్రిమీ బతకదు. ఆ మాత్రం వంటింట్లో చూసుకోవాలిగా."

"నేను కాల్చా. ఒక్కో ముద్దా విరిచి చూసి మరీ పెట్టా. పచ్చిమాంసం ముద్దలు చేసిన పీట, ఆ పక్కనే తరిగిన టమాటాలు, తలుపు గొళ్ళెం, ఇయ్యి కూడా కాల్చమంటారా?"

దోన్ ఆల్దో వినపడనట్టు లారీ వైపు తిరిగాడు. "ఊఁ, ఇంకా కడగాల్సినయ్యి ఆ మూల ఉన్నయ్యి లెన్సీనా. త్వరగా కానీ."

లెన్సీనా పైపు ఎత్తాడు. పన్నెండేళ్ళ కాపురంలో నిల్దా ఎన్నోసార్లు గేటు దాకా వచ్చింది కానీ పశువుల్ని తోలే సందు లోపలికి రాలేదు. ఇప్పుడు కమ్మీల దగ్గర నిలబడి చూస్తోంది. ఒకదాన్నుంచి కారిన నీళ్ళు ఇంకోదాని కాళ్ళ మీద పడుతున్నాయి. అవి ఒకదానికొకటి రాసుకుని వణుకుతున్నాయి.

"వీటిని ఎందుకు తడుపుతున్నావ్?"

"కబేళావాడికి శుభ్రంగా కనపడాలి."

"ఇది శుభ్రమా?" అందామె. "నా వంటింట్లో గిన్నెలు ఇట్టా కడిగుంటే నన్ను బతకనిచ్చేవాళ్ళా?"

రోబ్లెదో కమ్మీకి ఆనుకుని సిగరెట్టు ముట్టించాడు. లోపలి సంగతి ఆయనకేం తెలుసు పాపం, మామూలుగా అన్నాడు. "కబేళాలో కొక్కేలకి తగిలించినాక చూడాలక్కా. వానకోట్లు ఆరేసినట్టే. ఒకటే కారుడు."

"ఆ కారేది యాడ పడుద్ది?"

రోబ్లెదో సిగరెట్టు నోట్లోంచి తీశాడు. దోన్ ఆల్దో వంక ఒకసారి, నేల వంక ఒకసారి చూశాడు. "కింద ఏముంటే దాని మీద."

లెన్సీనాకి ఇది కొత్త సంగతి కాదు, డాక్టరమ్మ చెప్పింది. చెప్పినా చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. తను ఇక్కడ పైపు పట్టి తడపడం, అక్కడ భార్య ఒట్టి చేతులతో ముద్దలు చెయ్యడం, ఈ రెండూ ఒకే పనికి రెండు కొసలని ఇప్పుడు ఆమె ఎదురుగా నిలబడితే గానీ ఒంటికి తగల్లేదు. వెళ్ళి మోటారు పక్కనున్న నీళ్ళ చక్రం తిప్పి కట్టేశాడు. పైపు నీరసంగా వాలిపోయింది.

"ఏంది ఆపావ్?" అన్నాడు దోన్ ఆల్దో.

"ఈరోజు కడగనండి."

"ఏం, చెయ్యి నెప్పా?"

"నెప్పేం లేదు. ఇట్టాగే పంపండి. బురద ఉంటే ఉన్నట్టు చూడనీండి వాళ్ళని. కోత పెడితే పెట్టనీండి. అప్పుడన్నా మీరు పొట్టు కొంటారు."

దోన్ ఆల్దోకి కోపం రాలేదు. వచ్చుంటే లెన్సీనాకి పని తేలికయ్యేది. ఆయన గట్టు మీద నుంచే మెల్లగా, నచ్చచెబుతున్నట్టు మాట్లాడాడు.

"చూడు లెన్సీనా. రోషం మంచిదే. కానీ సాయంత్రం మీటింగులో నేను నోరు తెరవాలా, మూసుకోవాలా? అది నీ చేతిలో ఉన్న ఆ చక్రంలో ఉంది. నీ కోసం కాదయ్యా, నీ పెళ్ళాం కోసం ఆలోచించు. బడి వంట పోయిందంటే ఈ ఊళ్ళో ఆమెని ఏ ఇంట్లో పొయ్యి దగ్గరికి రానిస్తారు?"

నిజమే. చేతులు కడుక్కోని మనిషని పేరు పడినదాన్ని ఎవరు పిలుస్తారు? ఇప్పటికే రొట్టెల కొట్లో ఆడవాళ్ళు ఆమె వస్తే జరిగి నిలబడుతున్నారు. లెన్సీనా చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. తన కూలి అయితే పొమ్మనేవాడు. ఇది ఆమె బతుకు. ఆయన వేళ్ళు చక్రాన్ని మళ్ళీ బిగించి పట్టుకున్నాయి. తిప్పుతాడా లేదా అన్నది ఆయనకే తెలియలేదు.

"తెరవబాక" అంది నిల్దా.

ఆమె కమ్మీల మధ్యనుంచి చెయ్యి లోపలికి చాపింది. దగ్గరగా ఉన్న కోడె డొక్క మీద అరచెయ్యి ఆనించి, మెడ దాకా తోముతున్నట్టు గట్టిగా రాసింది. చెయ్యి బయటికి తీసేసరికి మణికట్టు దాకా గోధుమరంగు తొడుగు వేసినట్టుంది. అది ఇందాక లెన్సీనా రెండుసార్లు కడిగిన కోడె.

"మీరు నోరు తెరవనక్కర్లేదులే అయ్యా, కష్టపడబాకండి" అంది దోన్ ఆల్దోతో. "నేనే వస్తా. ఈ చెయ్యి ఇట్టాగే తీసుకొస్తా. మీరు అద్దాల్లా పంపిన పశువు ఇదీ అని బల్ల మీద పెడతా. నా చేతులు కడగలేదన్నారుగా. చూసుకోనీండి."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడబాక."

"అక్కా, అది మంచిది కాదు, కడుక్కో" అన్నాడు రోబ్లెదో కంగారుగా. "ఆ జబ్బేదో నీకు పట్టుకుంటది."

"నిల్దా, కడుక్కోవే" అన్నాడు లెన్సీనా కూడా.

"సాయంత్రం దాకా కడగను. నాకీ చేత్తో తినే పనీ లేదు, వండే పనీ లేదు."

అన్నం డబ్బా ఎడమ చేత్తో కమ్మీకి తగిలించింది. గేటు వైపు నడిచింది. దోన్ ఆల్దో గట్టు దిగి, కొత్త బూట్లతో బురదలోకి వచ్చి పైపు తనే ఎత్తాడు. అందులోంచి నాలుగు చుక్కలు రాలాయి. "ఎవరన్నా చక్రం తిప్పండ్రా" అని అరిచాడు. రోబ్లెదో సిగరెట్టు ఆర్పి, లారీ వెనక తలుపు గొళ్ళెం సరిగ్గా పడుతుందో లేదో చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. లెన్సీనా చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు, తిప్పలేదు.

రోడ్డు మీద నిల్దా సైకిలెక్కింది. గతుకుల్లో ఒక చేత్తో సైకిలు నడపడం ఆమెకి అలవాటు లేదు. రెండుసార్లు పడబోయింది. పడబోయినప్పుడు కూడా కుడిచెయ్యి కిందికి ఆనించలేదు. దేనికీ తగలకుండా దాన్ని ఒంటికి దూరంగా చాపి పట్టుకుని, వంకర్లు పోతూ బడి వైపు వెళ్ళింది.