కెజియా జుట్టుకు సాక్ష్యం

పెళ్లి ఫొటోల్లో జడ నిండుగా కనబడాలని కెజియా ఏలూరులో ఇరమ్ పార్లర్‌కి వెళ్లి, తన జుట్టుకి వేరే జుట్టు పాయలు పాయలుగా వేడి జిగురుతో అతికించుకుంది.

"కుదుళ్లకి నూనె తగలనివ్వకండి, ఊడొచ్చేస్తుంది," అని ఇరమ్ మరీమరీ చెప్పింది.

తాడేపల్లిగూడెంలో అత్తగారు అచ్చమ్మ కొత్త కోడల్ని ముద్దుగా కూర్చోబెట్టుకుని, వద్దంటున్నా వినకుండా తలకి కొబ్బరినూనె పట్టించారు. పాయలు చేతిలోకొచ్చేశాయి.

"అయ్యో, ఇదేంటమ్మా!"

"ఇక్కడి నీళ్లు పడలేదేమోనండీ," అంది కెజియా.

ఆదివారం చర్చంతా కెజియా జుట్టు కోసం మోకరించింది. ఆమె పుట్టింటికని చెప్పి వెళ్లి, మిగిలిన పాయలన్నీ ఇరమ్ చేత మందు రాయించి తీయించేసుకుంది. ఇక రాలేందుకేముంది?

"ప్రార్థనకి జుట్టు రాలడం ఆగిందండీ," అని పై ఆదివారం అచ్చమ్మగారు చర్చి మైకులో సాక్ష్యం చెప్పారు.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కెజియాయే.