మా పెరటి ధూళి

పంతొమ్మిదేళ్లుగా మా ఊరి గాలిని కొలిచే పని నాది. పొద్దున్నే యంత్రంలో తెల్లటి వడపోత కాగితం పెట్టేవాణ్ని. మర్నాటికి అది కాఫీ పొడి రంగుకు తిరిగేది. ఆ యంత్రం గది ఎక్కడ కట్టాలని మొదట్లో అధికారులు అడిగితే, మంచులో నడిచే బాధ తప్పుతుందని మా పెరటి కంచె పక్కనే చోటు చూపించిన తెలివి కూడా నాదే.

మా సైలీసియా బొగ్గు గనుల ప్రాంతపు ఊళ్లలో జనం ఇల్లు వెచ్చబెట్టే బొగ్గు పొయ్యిలు తీసేస్తున్న కొద్దీ చలికాలపు ధూళి ఏటేటా తగ్గింది. మా ఊళ్లో మాత్రం తగ్గలేదు. నేను ఊరుకుంటానా? పద్నాలుగు పేజీల నివేదిక రాశాను. చెక్ సరిహద్దు గాలిని, గనుల పక్క బొగ్గు వ్యర్థాల గుట్టలను, అవతలి వీధివాళ్లను ఉతికి ఆరేశాను. ఊరి సభలో గొంతు సవరించుకుని చదివాను.

ప్రయోగశాల నుంచి వచ్చిన వియొలెట్టా లేచింది. "గెరార్డ్ గారూ, ఫిబ్రవరిలో మీ బదులు నేను మూడు వారాలు కాగితాలు మార్చాను. అన్నీ దాదాపు తెల్లగానే ఉన్నాయి. ఎందుకంటారు?"

"నీ అదృష్టం తల్లీ. గాలి దిక్కు మారింది."

వెనక వరసలోంచి మా ఆవిడ హిల్డా అంది: "గాలీ లేదు, గీలీ లేదు. ఈయన మోకాలికి వైద్యమని ఊరెళ్లాం. మా పొయ్యి వెలగలేదు."

"ఏమేస్తాడమ్మా అందులో?" ఎవరో అడిగారు.

"బొగ్గు పొడి, పాత కిటికీ చెక్కలు. మొన్న నా బూట్లు కూడా వేశాడు."

సభంతా ఘొల్లున నవ్వింది. పొయ్యి మార్చుకునే దరఖాస్తులను ఇల్లిల్లూ తిరిగి పంచింది నేనే. హిల్డా దగ్గినప్పుడల్లా పక్కింటివాళ్ల మీద విరుచుకుపడిందీ నేనే. ఆ దగ్గు గుర్తొచ్చాక నాకు నవ్వు రాలేదు. ఆ వారమే పొయ్యి పీకించేశాను.

మరుసటి చలికాలం మా ఊరి ధూళి సగానికి పడింది. హిల్డా దగ్గు కూడా తగ్గింది. రెండో నివేదిక రెండే పేజీలు. సభలో చదివే ధైర్యం లేక వియొలెట్టా చేతికిచ్చి హిల్డా పక్కన కూర్చున్నాను.

"కాలుష్యానికి కారణం, స్థానికంగా ఒక ఇల్లు," అని చదివిందా పిల్ల.

హిల్డా నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "ఇదిగో, ఇంటాయన ఇక్కడే ఉన్నాడు!"