రెండో కాగితం మీద బాలవ్వ

ఈ పొద్దున సుజన ఇంటి మధ్యలోంచి ఒక చుక్కల గీత పోతోంది.

పొయ్యి దగ్గర మొదలై, మంచం కింద నుంచి సాగి, గోడలోకి వెళ్తోంది. సుజనకు ఆ గీత కొత్త కాదు. మున్సిపాలిటీ ఆఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. పొడుగాటి పట్టికను అచ్చు తీసేటప్పుడు ఒక కాగితం ఎక్కడ అయిపోతుందో తెరమీద ఆ గీతే చెబుతుంది. ఇవాళ అది ఇంట్లో పడింది, అంతే. సుజన గీతకు ఇవతల ఉంది. తల్లి బాలవ్వ, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, అవతల ఉంది.

అవతల గోడలు లేవు. కంటి చూపు ఆగేదాకా కాగితం తెలుపే.

"అమ్మా, ఇటు రా."

"రావస్తలేదు బిడ్డా. కాలు పెడితే ఆడనే ఆగుతుంది." బాలవ్వ చెయ్యి తిప్పి చూసుకుంటుంది. మోచేతి మీద యాభై ఆరు అని అచ్చయి ఉంది. "ఈడ పైన ఏం రాసి లేదు. ఇది నా ఇంటి నంబరా, నా వయసా?"

సుజన తల్లి తలపైకి చూస్తుంది. రెండో కాగితం మీదికి శీర్షికలు వాటంతట అవి రావు. పైన శీర్షిక లేకపోతే కింద ఉన్న మనిషి తానెవరో మరిచిపోవడం మొదలుపెడుతుంది. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే.

సుజన ఆఫీసుకు వెళ్లేసరికి మేనేజరు సుదర్శనం సార్ నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఒకే ఒక గుండుసూది.

"మీ బీడీ కాలనీ మనుషుల పట్టిక సాయంత్రం లోపల పెట్టాలె సుజనా. ఒక్కటే కాగితం. రెండోదైతే ఏడికి పోతదో తెలుసు గదా?"

"తెలుసు సార్. గాలికి."

"కిందటిసారి పోయినోళ్లను ఎవరన్న అడిగిండ్రా?"

"లేదు సార్."

"అడుగుదామన్నా పేర్లు యాదికుండాలె గదా" అంటాడాయన, బాధగానే.

సుజన కుర్చీలో కూర్చుని ప్రింటర్ కింది అర తెరుస్తుంది. తెల్ల కాగితాల మీద బాలవ్వ కూర్చుని ఉంది. చేతులు మాత్రం బీడీలు చుట్టడం ఆపలేదు.

ముందుగా సుజన మార్జిన్లు తగ్గిస్తుంది. ఆఫీసు గోడలు దగ్గరికి జరిగి, బీరువాలు అందరి భుజాలకు ఆనుకుంటాయి. కాలనీలో అరుగులు పోతాయి, మురికినీటి మోరీలు పోతాయి. బాలవ్వ బొటనవేలు ఒక్కటి గీత దాటి ఇవతలికి వస్తుంది. మిగతా మనిషి రాదు.

కాగితాన్ని అడ్డంగా తిప్పి చూస్తుంది. ఊరు పక్కకు ఒరుగుతుంది. బిందెల్లో నీళ్లు గోడల్లా నిలబడతాయి, జనం కిటికీల్లోంచి బయటికి నడుస్తారు. వెడల్పు పెరిగింది గానీ ఎత్తు తగ్గింది. సగం కాలనీ వచ్చి బాలవ్వ పక్కన పడింది.

"సదువుకున్న పిల్ల చేతికిస్తే ఊరే అడ్డం పడ్డదేందే!" అని పక్కింటి నర్సవ్వ అరలోంచి అరుస్తుంది. "నిలవెట్టవే తల్లీ, పొయ్యి మీద కూర ఒలుకుతాంది!"

సుజన ఊరిని నిలబెడుతుంది. నర్సవ్వ కూరతో సహా వెనక్కి పోతుంది. బాలవ్వ ఒక్కతే మిగులుతుంది.

ఇక మిగిలింది కుదించడమే. సుజన శాతం తగ్గిస్తూ పోతుంది. సార్ బల్ల అగ్గిపెట్టె అవుతుంది. కాలనీ మనుషులు ఆవగింజలవుతారు.

"ఇంకింత తగ్గియ్యి. పడుతది" అంటాడు సార్, దోమ గొంతుతో.

"పడుతది సార్. కానీ చదువరాదు."

"చదివేదెవరమ్మా? పెట్టినట్టుండాలె, అంతే."

సుజన అందరినీ మళ్లీ మామూలు సైజుకు తెస్తుంది. కళ్లు తుడుచుకుని, పట్టికను పైనుంచి వరుస వరుసగా చూస్తుంది. అన్ని వరుసలూ ఒకే ఎత్తు. ఒక్కటి మాత్రం రెండింతలుంది.

అది తన వరుస. చదువు అనే గడిలో కాలనీలో చాలామందికి 'లేదు' అని ఉంది. ఆమె గడిలో 'బి.కాం. కంప్యూటర్స్, ప్రథమ శ్రేణి' అని ఉంది. పట్టికలోకి ఎక్కిస్తున్న రోజున ఒక్క అక్షరం కూడా తగ్గించబుద్ధి కాలేదు. గడిలో పట్టక అది రెండో లైనుకు దిగింది. ఆ ఒక్క లైనే కింద ఉన్నవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని నెట్టుకుంటూ పోయి, ఆఖరున ఉన్న తల్లిని గీత దాటించింది. బాలవ్వ ఆఖరునే ఉంటుంది. అందరి పేర్లూ చెప్పాకే తన పేరు రాయించుకుంది, అందరికీ వడ్డించాక తను తిన్నట్టే.

సుజన వేలు చెరిపే మీట మీదికి వెళ్తుంది.

"ఏం తీస్తున్నవ్?" అంటుంది అరలోంచి బాలవ్వ.

"నా డిగ్రీ అమ్మా. తీస్తే నువ్వు పడుతవ్."

"తియ్యకు."

"నీ పేరన్న నీకు యాదికుందా?"

"లేదు. ఎందుకు కూసున్ననో యాదికుంది." బాలవ్వ బీడీకి దారం చుడుతుంది. "ఆ గడి నింపేటందుకు కూసున్న. అది తీసినంక నేను లోపటికొచ్చి ఏం చెయ్యాలె?"

సుజన వేలు వెనక్కి తీసుకుంటుంది. చుక్కల గీతను తల్లి వరుస పైనే కదలకుండా ఆపి, తన వరుసను కత్తిరించి తల్లి వరుస కింద పెడుతుంది. శీర్షికలు ప్రతి కాగితం మీదా రావాలని కంప్యూటర్‌కు చెబుతుంది. తర్వాత చెప్పులు విడిచి, అరలోకి దిగుతుంది.

శీర్షికల వరుస ద్వారబంధంలా వచ్చి వాళ్ల తలల మీద నిలుస్తుంది. బాలవ్వ తలెత్తి చూస్తుంది.

"నేను బాలవ్వను" అంటుంది నెమ్మదిగా. "యాభై ఆరు నా వయసు. ఇగో, ఇది నా బిడ్డ."

మొదటి కాగితం చక్కగా వస్తుంది. సార్ దాన్ని బోర్డుకు గుచ్చుతాడు. రెండోది ఆయన చేతిలో రెపరెపలాడుతోంది. దాని మీద రెండే వరుసలు. కింద అంతా తెలుపు.

"ఎంత జాగనే!" అంటూ బాలవ్వ లేచి కొంగు బిగిస్తుంది. చుక్కల గీత దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క చుక్కనే ఏరి చాటలో వేసుకుంటుంది. ద్వారబంధం ముందు ఆ చుక్కలతో ముగ్గు పెడుతుంది. గాలి ముగ్గు అంచుదాకా వచ్చి ఆగుతుంది. నడుమ ఒక్క చుక్క తక్కువైంది.

"సారూ, ఒక్క చుక్క ఉంటె ఇయ్యుండ్రి" అని చెయ్యి చాపుతుంది.

సుదర్శనం సార్ బోర్డు వైపు, చేతిలోని రెండో కాగితం వైపు చూస్తాడు. బోర్డు మీది చుక్కంత గుండుసూది పీకి ఆమె అరచేతిలో పెడతాడు.

సూది పోయినా మొదటి కాగితం పడిపోలేదు. గాలిలో అక్కడే ఉంది. దాని వెనక గోడ పడుతోంది, చప్పుడు లేకుండా, బీడీ చుట్టే తునికాకు తడి ఆరినట్టు ఒక అంచు నుంచి చుట్టుకుంటూ. బాలవ్వ దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, బీడీకి కట్టినట్టు కట్టేందుకు, ఆ గోడ తన చేతి దాకా ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.