పూత పడని గోడ

పౌడరైతే వాసన ఉండాలి, సిమెంటైతే బూడిదరంగులో ఉండాలి, తాపీమేస్త్రి పెళ్ళానికి ఆ మాత్రం తెలియదా, మరి ఆయన చొక్కా చేతుల మీద ఆ తెల్లటి పొడి ఏమిటి, అదీ పనికి వేసుకెళ్ళే చొక్కా కాదు, ఇంట్లో వేసుకునేది, అనుకుంటూ ప్రేమ కాలవగట్టు మీద గబగబా నడుస్తోంది, అంగన్‌వాడీలో పిల్లల్ని ఆయమ్మకు అప్పగించి, తలనొప్పని అబద్ధమాడి వచ్చేసింది, ఆడుతుంటే నాలుక తడబడలేదు, ఆయనకూ తడబడదు కాబోలు, నీ వెనకే బయల్దేరతా అని రోజూ చెప్పే మనిషి అవనిగడ్డలో పనిలోకి పదకొండింటికి వెళ్తున్నాడట, నిన్న ఆయనతో జోడీగా పనిచేసే యలమంద ఫోన్లో నోరు జారాడు, మేస్త్రి ఇంకా రాలేదమ్మా, ఇప్పుడు టైమెంతైందనీ, రోజూ పదకొండే గదా అని, వెంటనే దగ్గొచ్చినట్టు నటించి పెట్టేశాడు, మరి తను గడప దాటాక రెండు గంటలపాటు జాన్సన్ ఎక్కడుంటున్నాడు, ఎవరితో.

అసలు అనుమానం మొలిచింది ఆ గోడ దగ్గరే, ముందటేడు తుఫానుకు పడగ్గది వెనక గోడ కూలితే, నిరుడు ఎండాకాలంలో వారం రోజుల్లో ఇటుకతో లేపేశాడు, అంతే, ఏడాది కావస్తున్నా దానికి పూత లేదు, ఊరందరి గోడలూ అద్దంలా నున్నగా చేసే చెయ్యి సొంత పడగ్గది దగ్గరకొచ్చేసరికి పడిపోయింది, ప్లాస్టింగ్ ఎప్పుడండీ అంటే కొన్నాళ్ళాగుదాం ప్రేమా, గట్టిగా అడిగితే ఇప్పుడు ఇటుకలు కనబడితేనే ఫ్యాషనంట, ఫోన్లో చూళ్ళేదా, ఈ మాట అంటున్నదెవరు, బందరులో ఎవరో హాల్లో గోడ అలాగే వదిలెయ్యమంటే, ఇల్లు కట్టుకుని దానికి బట్టలు కట్టడం మర్చిపోయారని వారం రోజులు నవ్విన మనిషి, పోనీ టైల్స్ అంటించండి అంటే వద్దు, పుట్టీ వద్దు, సున్నమైనా కొట్టండి అంటే లేచి బయటికెళ్ళిపోవడం, ఉండే ఉద్దేశం ఉన్నవాడు ఇల్లు ఇలా వదిలేస్తాడా, మనసు ఇంకోచోట ఉన్నవాడే వదిలేస్తాడు, శనివారం ఇంట్లో ప్రార్థన కూడిక, సంఘంలో ఆడవాళ్ళంతా వస్తారు, మేస్త్రి ఇంట్లో ఈ గోడ చూసి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు, అందుకే ఆయనకు చెప్పకుండా గోడకు ప్లాస్టిక్ షీట్లు బిగించే హేమంత్‌ని కొలతలకు రమ్మంది, పన్నెండింటికి వస్తానన్నాడు, ఈలోపు ఆ రెండు గంటల సంగతి తేలాలి, తేలకూడనిది తేలితే పుట్టింటికి గుడివాడ బస్సెక్కడమే, అన్నయ్య ఏమీ అడగడు, వదిన అడుగుతుంది, అడగనీ.

ఇంటి ముందు ఆయన బండి ఉంది, అంటే మనిషి లోపలే, తలుపు వేసి ఉంది, లోపల గరగరమని ఏదో గీకుతున్న చప్పుడు, పెరటివైపు తిరిగి వెళ్ళి కిటికీలోంచి చూసింది, ఎవరూ లేరు, జాన్సన్ ఒక్కడే, మంచం దూరంగా లాగి, నేలంతా పాత పేపర్లు పరిచి, ఎండు కొబ్బరిపీచుతో గోడను పైనించి కిందికి రుద్దుతున్నాడు, ఇటుకల మీంచి తెల్లటి పొడి రాలుతోంది, ఏంటండీ అది అని అక్కణ్ణించే అరిచేసింది, ఆయన ఉలిక్కిపడి పీచు వీపు వెనక దాచాడు, యాభైకి దగ్గరపడ్డ మనిషి, ఉప్పు ప్రేమా అన్నాడు, ఉప్పేంటి, గోడకెక్కిన ఉప్పు, అప్పుడు ఎండాకాలమని కాలవలకు నీళ్ళు కట్టేశారు గదా, మంచినీళ్ళు లేవు, గోడ లేక నువ్వు నాలుగు నెలల్నించి వసారాలో పడుకుంటున్నావని తొందరపడి ఉప్పటి బోరునీళ్ళతో సిమెంటు కలిపా, బోరునీళ్ళతోనే తడిపా, పాతికేళ్ళుగా మేస్త్రీని, దివిసీమలో పుట్టినోణ్ణి, ఈ నీళ్ళతో ఎవడన్నా గోడ కడతాడా, ఉప్పంతా బయటికొచ్చేదాకా దీని మీద ఏం పూసినా రాలిపోద్ది, తడి తగలనీకుండా పొడిగా దులుపుతా ఉంటే తగ్గాలి, తగ్గట్లేదు, ఎందుకో రోజూ కొత్తగా ఊరుతోంది, యలమందక్కూడా చెప్పలా, ఏమని చెప్పను.

ఎందుకు ఊరుతోందో ప్రేమకు తెలుసు, పక్క మీద ఇటుక పొడి రాలుతోందని రోజూ సాయంత్రం ఆ గోడను తడిగుడ్డతో తుడిచేది తనే, బోరునీళ్ళలో ముంచిన గుడ్డతో, ఆయన వచ్చేసరికి ఫ్యాను గాలికి ఆరిపోయేది, పొద్దున చీకటితో లేచి పనుల్లో పడే తను గోడ వంక చూసిందెప్పుడు, గుడివాడ మంచినీళ్ళలో పెరిగినదానికి ఈ ఉప్పు సంగతి ఏం తెలుసు, ఆయన పొద్దున దులిపింది తను సాయంత్రం మళ్ళీ ఎక్కిస్తోంది, కిటికీ ఊచలు పట్టుకునే చెప్పేసింది, ఆయన గోడనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, రోజూనా అన్నాడు, రోజూ అంది, ఓరి దేవుడా అని మంచం మీద కూలబడి నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

హేమంత్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి, గోడ ఆరేదాకా దాని మీద షీటూ లేదు పూతా లేదు, చూసేవాళ్ళు చూడనీ, కానీ ఇది కాదు ప్రేమ గుండెను పట్టుకున్నది, ఏడాదిగా ఈ మనిషిని ఎన్ని రకాలుగా అనుకుంది, ఇంకో ఇల్లుందనుకుంది, ఇంకో మనిషుందనుకుంది, తన మీద మనసు విరిగిందనుకుంది, ఇన్ని అనుకోగలిగిన బుర్రకు, ఆయన సిగ్గుపడుతున్నాడేమో అన్న చిన్న మాట ఒక్కసారైనా తట్టలేదు.